కొరమీను కోసం కూర్మయ్య కట్టిన చక్రాల ఇల్లు

కూర్మయ్య ఇంట్లో కమ్యూనిస్టులు దాక్కున్నారనీ, అందుకే పోలీసులు దాన్ని తగలబెట్టారనీ పట్నంలోని బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఎవరో చెబితే సగం బజారు నమ్మేసిందట. ఒట్టి మాట. ఆ ఇంట్లో కమ్యూనిస్టు కాదు గదా, కాళ్లు చాపుకుంటే కూర్మయ్యే పట్టడు. నాలుగడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు. దాన్ని ఎవరూ తగలబెట్టలేదు. అందులో పట్టిన చేప మనిషంత ఉందన్నది ఇంకో విడ్డూరం. మోచెయ్యంత ఉంది, అంతే. ఆ చేపను రెండు చేతులా పట్టుకున్నది కూర్మయ్య పెళ్లాం వెంకమ్మ. ఆ ఇంటితో నానా అగచాట్లూ పడిందీ ఆవిడే. కాబట్టి సంగతి ఆవిడ వైపు నుంచి వినాలి.

మలాయాలో ఎమర్జెన్సీ పెట్టి నాలుగేళ్లయింది అప్పటికి. బటాంగ్ బెర్జుంటై దగ్గర వాళ్లుండే రబ్బరు తోటలో కూలీలు వరసగదుల్లో ఉండే లయాల చుట్టూ ముళ్లకంచె వేసేశారు. సాయంత్రం ఆరింటికి సైరన్ మోగితే గేటు మూస్తారు. ఆ తరవాత బయట కనబడితే కాల్చినా అడిగే దిక్కు లేదు. తినే వస్తువు ఒక్క గింజ గేటు దాటకూడదు, అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకి చేరుతుందని.

అలాంటి రోజుల్లో వాళ్ల కూతురు పాపాయికి కానుపు కష్టమై, పట్నం ఆస్పత్రిలో పొట్ట కోసి మగబిడ్డను తీశారు. బిడ్డ బాగానే ఉన్నాడు. తల్లి పుండు మాత్రం మానలేదు. కుట్ల దగ్గర చెమ్మ ఊరుతూనే ఉంది. పదిరోజుల్లో మానకపోతే తీసుకురండి, విప్పి మళ్లీ కుట్టాలి అన్నాడు డాక్టరు. ఆ మాటకి పాపాయి గోడవైపు తిరిగి పడుకుంది. మలాయ్ మంత్రసాని వచ్చి చూసి, హారువాన్ పులుసు పట్టండి, లోపలి నుంచి మాంసం అతుక్కుంటుంది అని చెప్పిపోయింది. హారువాన్ అంటే మన కొరమీనే. కర్ఫ్యూ పెట్టాక చేపల లారీ ఆ దారికి రావడం మానేసింది.

కానీ కంచె అవతల అరమైలు దూరంలో తగరం తవ్వి వదిలేసిన గని చెరువుంది. నీళ్లు కనబడవు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుదాకా గుర్రపుడెక్క గట్టిగా అల్లుకుపోయి, పచ్చటి చాప పరిచినట్టుంటుంది. దాని కిందే కొరమీనులు. చాపకి చిల్లి పెట్టి గాలం దింపితే చాలు.

"ఆదివారం ఒక గాలం పట్టుకెల్లి ఒక సేప తే అయ్యా" అంది వెంకమ్మ. అంతకన్నా ఎక్కువ అడగలేదు ఆవిడ.

కూర్మయ్య పెద్ద దొర దగ్గరికి వెళ్లి పాసు తెచ్చాడు. తెచ్చి, డబ్బా చెక్కలు ఏరడం మొదలెట్టాడు.

"ఏటి సేస్తన్నావు?"

"ఇల్లు."

"సేపకి గాలం గావాల గానీ ఇల్లెందుకయ్యా!"

"నీకు తెల్దులే. మనిసి నీడ పడితే కొరమీను రాదు. గదిలాగుంటే, నేలకి కన్నమెట్టి, లోపల కూకుని పడతాను. ఎండా ఉండదు, వానా ఉండదు."

"మరి సక్రాలెందుకు?"

"రేత్రి బయట ఏ కప్పూ మిగలకూడదన్నాడు దొర. పొద్దున్న తోలుకెల్లి సాయంత్రం తోలుకొచ్చేయాల."

రబ్బరు పాలు మోసే పాత బండి చక్రాలు రెండు దొరికాయి. రబ్బరు చెట్ల గీత పని ముగించి మధ్యాహ్నం వస్తాడు, దీపాలు పెట్టేదాకా సుత్తి మోత. నాలుగు రోజులు పోయాయి. పాపాయి గుడ్డలు ఉతకడం, పసివాడికి నీళ్లుపొయ్యడం, మధ్యలో ఈయనకి మేకులు అందించడం. వెంకమ్మ పళ్లు నూరుకుంటూ అందించింది. అయిదో రోజుకి ఆకుల కప్పు పడింది. తలుపు కూడా పెట్టాడు మహానుభావుడు. తలుపుకి గొళ్లెం. గొళ్లెం చూసి వెంకమ్మ చేతిలో మిగిలిన మేకులు కింద పారేసింది.

ఇక్కడ ఒక తప్పు ఆవిడదే, అదీ చెప్పాలి. కప్పూ తలుపూ ఉన్నాక అది ఇల్లే. పాలు పొంగించకుండా కొత్తింట్లో కాలుపెడితే, అదీ బాలింత ఉన్న కొంపలో, ఏమవుతుందోనని భయపడింది ఆవిడ. పాలు గేటు దాటనివ్వరు. అందుకని కంచె లోపలే, ఆ బుల్లి ఇంటి నేల మీద మూడు ఇటుకలు పేర్చి, పక్క లయం మారియమ్మ ఇచ్చిన మేకపాలు పెట్టింది. పాలు తూర్పుకి పొంగాయి. అందరూ బాగుందన్నారు. కింద చెక్క కాలి గుప్పెడంత చిల్లి పడింది.

"మంచిదే అయింది! కన్నం దానంతటదే పడింది" అని కూర్మయ్య మురిసిపోయాడు.

"మరింక బేగెల్లు!"

"పాలు పొంగించినాక ఆ పూట ఇంట్లో నిద్దర సెయ్యాల గదే?"

నిద్ర చేశాడు. కంచె లోపల, ముడుచుకుని. మరోరోజు పోయింది.

ఏడో రోజు ఆదివారం. ఈయన లాగడం, ఆవిడ నెట్టడం. పాపాయినీ బిడ్డనీ మారియమ్మకి అప్పగించి వచ్చింది వెంకమ్మ. గేటు దగ్గర కాపలా రెంగసామి తుపాకీ భుజాన వేసుకుని చుట్టూ తిరిగి చూశాడు.

"అక్కా, ఇది వీడా, వండియా?" అన్నాడు అరవంలో.

"ఇల్లూ కాదు, బండీ కాదు, నా కరమ. తియ్యి తమ్ముడూ, బేగి తియ్యి."

రెంగసామి ఇంట్లో పెట్టిన డబ్బా మూత తీశాడు. ఎరకి పట్టిన కప్పపిల్లలు. "తిండి దాటకూడదు లా" అన్నాడు మలాయా యాసలో, నవ్వు ఆపుకుంటూ.

"నువ్వు తింటావేటి? తింటే ఉంచుకో" అంది వెంకమ్మ. గేటు తెరిచాడు.

చెరువు దగ్గర కూర్మయ్య గుర్రపుడెక్క మీద వెదుళ్లు దగ్గర దగ్గరగా పరిచాడు. నరికే కత్తితో చాపలో చిల్లి కోశాడు. ఇల్లు దాని మీదికి తోసి, చక్రాలు ఊడదీసి ఒడ్డున పెట్టి, వెదుళ్ల మీద కూర్చోబెట్టాడు. కింద పచ్చచాప ఊగుతుంటే వెంకమ్మ వెదుళ్ల మీద చతికిలబడింది. వద్దన్న కొద్దీ ఆయన తలుపు తూర్పుకి వచ్చేదాకా ఇల్లు తిప్పుతూనే ఉన్నాడు. గాలం పడేసరికి పన్నెండు దాటింది. అన్నం తెచ్చుకునే వీల్లేదు గనక ఇద్దరికీ ఆకలి. లోపల ఒక్కరికే చోటు. ఆయన లోపల, ఆవిడ ఎండలో.

"పడిందా?"

"ఊ."

"ఊ అంటే పడిందా, పడలేదా?"

"మాటాడకే."

అయిదింటికి గాలం లాగింది. కూర్మయ్య అరిచాడు. వెంకమ్మ తలుపులోంచి దూరింది. కొరమీను తల నల్లగా కన్నం దాకా వచ్చింది, అక్కడ ఆగింది. గుప్పెడంత కన్నం, చేప తల రెండు గుప్పెళ్లు. కూర్మయ్య లాగుతాడు, చేప కిందికి గుంజుతుంది. దారం పీచు లేస్తోంది.

"కత్తియ్యి" అంది వెంకమ్మ.

"ఒద్దే! అది ఇరుసు బిగించిన సెక్క. అది నరికితే సక్రాలు నిలవవు. పాలు పొంగించిన ఇల్లే, ఇంకా దినం తిరగలేదే!"

"పిల్ల పొట్ట కుట్టు తిరిగి కోస్తారంట, నీకు సెక్కెక్కువా?"

ఆయన దారం వదల్లేదు, కానీ కొంచెం పక్కకి జరిగాడు. వెంకమ్మ నాలుగు వేట్లు వేసింది. వారం రోజుల విసుగంతా ఆ నాలుగు వేట్లలో ఉంది. చెక్క విరిగింది, చేప పైకొచ్చింది, ఆవిడ రెండు చేతులా ఒడిసి పట్టుకుని కొంగులో చుట్టేసింది.

ఆ తరవాత చక్రాలు పెట్టబోతే, ఆయన చెప్పినట్టే, ఇరుసుకి పట్టు లేదు. తాడు కట్టి చూశాడు, నిలవలేదు. తలమీద ఎత్తుకుందామన్నాడు.

"పిచ్చి గానీ పట్టిందేటి? ఒదిలేసిరా!"

"నా ఇల్లే ఎంకమ్మా."

"సైరనయితే మనం ఉండం. రా!"

గొళ్లెం వేసి వచ్చాడు. పరిగెడుతూ కూడా వెనక్కి చూశాడు. సైరన్ సగంలో ఉండగా గేటు చేరారు. రెంగసామి తలుపు పట్టుకుని నిలబడి, "ఇల్లేది అణ్ణే?" అన్నాడు.

రాత్రి బయట కప్పు మిగిలిందని, తెల్లారి పోలీసులతో కూర్మయ్యను పంపించారు. ఇల్లు లేదు. నరికిన నేలలోంచి నీళ్లు ఎక్కి, కప్పు దాకా దిగిపోయింది, పైన గుర్రపుడెక్క సర్దుకుంటోంది. దాక్కున్నవాళ్లూ లేరు, మంటా లేదు. దొర పాసు లాగేసుకున్నాడు. కూర్మయ్య ఒడ్డున మిగిలిన రెండు చక్రాలూ దొర్లించుకుంటూ ఇంటికొచ్చాడు.

చేప మూడు రోజులు వచ్చింది. తల పులుసు ఒక పూట, ముక్కలు మిగతా పూటలు. పదో రోజు ఆస్పత్రిలో నర్సు కట్టు విప్పి, పొడిగా ఉంది, ఇక కట్టు అక్కర్లేదు అంది. పాపాయి బస్సులో దారంతా మాట్లాడుతూనే వచ్చింది. ఇప్పుడు సుంగై పెటానిలో సంసారం చేసుకుంటోంది.

కూర్మయ్య మాత్రం ఆ చెక్క సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తితే పోట్లాడి తేల్చుకునేది వెంకమ్మ. ఎత్తకపోతే ఏం చేస్తుంది? ఆయన పుట్టింది లయంలో, పెరిగింది లయంలో, పెళ్లి చేసుకున్నదీ లయంలోనే. తలుపుకి తన చేత్తో గొళ్లెం పెట్టుకున్నది ఆ ఒక్క ఇంటికే. ఆవిడకి ఈ మాట తట్టడానికి చాలా రోజులు పట్టింది. తట్టినాక ఇంకా విసుగొచ్చింది.

మెర్డెకా, అదే స్వతంత్రం, వచ్చింది. తరవాత కంచె తీసేశారు. అందరూ వైరు ముక్కలు పట్టుకుపోయి కూరపాదులకి కట్టుకుంటే, కూర్మయ్య గేటు చెక్కలు అడిగి తెచ్చుకున్నాడు. చూడగానే వెంకమ్మకి అర్థమైపోయింది. పాత చక్రాలే. ఈసారి కన్నం అడుగున్నర వెడల్పు పెట్టాడు. ఇరుసు చెక్క దానికి ఆమడ దూరం. పాలు కూడా ఒడ్డునే పొంగించారు, అడిగేవాడు లేడు గదా.

సైరన్ పోయి ఇన్నేళ్లయినా, ప్రతి ఆదివారం ఆరింటి లోపల ఆ ఇంటిని లాక్కుంటూ తిరిగొస్తాడు.

"ఎవుడికి బయమయ్యా ఇంకా? అక్కడే ఒదిలేసి రారాదా!"

"ఒకపాలి ఒదిలినాను. సాల్లే."

వెంకమ్మకి మోకాలు పట్టేసి ఇప్పుడు వెనకనుంచి నెట్టలేదు. ఆయనకి అరవై దాటాయి. చేపలు వారానికొకటి కూడా పడవు. గుమ్మంలో కూర్చుని దారి చూస్తూ తిట్టుకోవడమే ఆవిడ పని.

అందుకని, ఆదివారం సాయంత్రం బటాంగ్ బెర్జుంటై రోడ్డున పోయేవాళ్లు కాస్త గని చెరువు వైపు తొంగిచూడండి. చక్రం దిగబడి ఉంటే ఒక చెయ్యి వెయ్యండి. అక్కర్లేదు పొమ్మంటాడు, వినకండి. చెరువు దగ్గర కనబడకపోతే లయాల దాకా వెళ్లి, వచ్చేశాడా అని వెంకమ్మను అడగండి.