మైసయ్య అనని మాట

ఏళ్ల తరబడి ఒక బరువు మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. నీకు చెబుతున్నాను, ఎందుకంటే నువ్వు నన్ను ఎరగవు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. కోస్గి దగ్గర ఒక ఊరి బడిలో నేను పంతులుని. తనిఖీ ఉన్నదని, హిందుస్తాన్ ఆ జంగులోకి ఎట్లా వచ్చిందో పిల్లలకు నేర్పమని హుకుం వచ్చింది. జవాబు ఉర్దూలో రాసి పంపారు: ప్రజలంతా సంతోషంగా సర్కారు వెంట నడిచారని. పిల్లలు అర్థం తెలియకుండానే కంఠస్థం చేశారు. అక్కడితో ఊరుకోవలసింది. కాని మంచి పంతులునని నాకొక గర్వం. తెలుగులో అర్థం చెప్పాను.

"దొర ఇంట్ల పెండ్లయితే మీ మందల గొర్రెను పట్కపోతరు గదా, మిమ్ముల అడుగుతరా? గిదీ గట్లనే. ఢిల్లీల లాట్ సాబ్ ఒక్కడు జంగ్ అన్నడు. అందరం జంగుల ఉన్నం."

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.

తనిఖీ నాడు అధికారిని వెంటబెట్టుకొని దొరే వచ్చి కూర్చున్నాడు. ఉర్దూ జవాబు అందరూ తప్పు లేకుండా అప్పజెప్పారు. అధికారికి అనుమానమేసిందో, ముచ్చటేసిందో, గొల్ల మైసయ్య కొడుకు నర్సిములును లేపి, "ఇగ నీ మాటల్ల చెప్పు బేటా" అన్నాడు. తెలుగులో అడుగుతారని నేను అనుకోలేదు. తెలుగులో వాడికి తెలిసింది నా మాటే. గొర్రెతో సహా చెప్పాడు.

దొర కాలు ఊపడం ఆపాడు.

"ఎవడు నేర్పిండ్రా నీకు?"

వాడు నా వైపు చూశాడు. నేనే ముందు అన్నాను. "వాళ్ల నాయిన, దొరా. ఇంట్ల గివే ముచ్చట్లు."

భయమా? భయమే. కాని భయపడ్డవాడు నోరు మూసుకుంటాడు. నేను ఒక మనిషి పేరు ఎందుకు చెప్పాను? నర్సిములు కాదనలేదు. పంతులు మాట కాదనకూడదని నేర్పింది కూడా నేనే.

ఆ సాయంత్రమే మైసయ్యను దొర గడీకి పట్టుకుపోయారు. తొమ్మిదో రోజు వదిలారు. కుడికాలు మళ్లీ నేల మీద ఆనలేదు. మంద వెంట నడవలేని గొల్లకు మంద ఎన్నాళ్లుంటుంది?

కొన్నాళ్లకు కట్టె పట్టుకొని బడికి వచ్చాడు, కొడుకును ముందు నిలబెట్టి.

"పోరడు నా పేరు జెప్పిండట సారూ. గడీల అన్నరు. వీని నోటికి మీ బడికి గూడ మాటొచ్చె. జర మాఫ్ చెయ్యున్రి."

నిజం చెప్పడానికి అదే సమయం. నాకు తెలుసు.

"పోనీ మైసయ్యా, మాఫ్ చేసిన" అన్నాను.

అవును, అన్నాను. నర్సిములు అప్పుడు తలెత్తి నన్ను చూశాడు. మర్నాటి నుంచి బడికి రాలేదు.

తరువాత దొర పట్నం పారిపోయాడు. గడీ ఖాళీ అయింది. భయపడడానికి ఎవరూ మిగలని రోజుల్లో కూడా నేను ఆ ఇంటికి పోలేదు. కన్నకొడుకే తనను పట్టించాడని నమ్ముతూ మైసయ్య చనిపోయాడు. ఆ నమ్మకాన్ని ఇప్పుడు ఎవరు మార్చగలరు?

మాఫ్ అడగడం లేదు. ఎవరిని అడగాలి? రాస్తున్నాను, అంతే. ఆ పేరు చెప్పింది నర్సిములు కాదు. నేను.