అరువు కళ్ళు

కోవిడ్ రావడానికి రెండేళ్ళ ముందు, ఆషాఢ మాసంలో, రావులపాలెంలో నాకొచ్చిన ఒక పని గురించి ఇది. అప్పటికి నేను ఫ్లెక్సీ డిజైనర్‌ని. అంతకుముందు ఇరవై ఏళ్ళు గోడల మీదా బోర్డుల మీదా కుంచెతో రాశాను. ఫ్లెక్సీలొచ్చి కుంచె మూలపడ్డాక, నలభై దాటిన వయసులో కంప్యూటర్ నేర్చుకున్నాను. నాకు ఆఫీసు లేదు, పై అధికారి లేడు, జీతం అసలే లేదు. ప్రింటింగ్ ప్రెస్‌వాళ్ళు పంపితే పని, లేకపోతే గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడం. చాలామంది దీన్ని స్వేచ్ఛ అనుకుంటారు. ఆషాఢంలో ఒక్క నెల నా కుర్చీలో కూర్చుంటే ఆ భ్రమ వదిలిపోతుంది. పెళ్ళిళ్ళుండవు, గృహప్రవేశాలుండవు. చావులు మాత్రం నెలలు చూసుకోవు. ఆ నెలలో మా పొయ్యి వెలిగేది వాటితోనే. ఈ మాట చెప్పడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు.

ఒకరోజు ప్రెస్ ఓనరు నా గదికి సత్తిబాబు అనే ఆయన్ని పంపారు. ఆయన మేనల్లుడు, ఇరవై నాలుగేళ్ళవాడు, రొయ్యల చెరువు దగ్గర, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ మోటారు షాక్ కొట్టి పోయాడు. పెద్దకార్యానికి వీధి మొదట్లో పెట్టే శ్రద్ధాంజలి ఫ్లెక్సీ, ఇంట్లో గోడకు తగిలించే పటం కావాలి. కుర్రాడి ఫోన్ అతనితోపాటే చెరువులో పడిపోయింది. ఇంట్లో ఉన్నది పదో తరగతి హాల్‌టికెట్ ఫోటో ఒక్కటే, పెద్దది చేస్తే చుక్కలు తప్ప మొహం రాదు. స్నేహితుల దగ్గర దొరికిన ఫోటోలో హాయిగా నవ్వుతున్నాడు, కానీ నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

"అద్దాలు తీసేసి కళ్ళు పెట్టాలండి గురువుగారూ. మా అక్కకి ఇంకో ఫోటో లేదండి," అన్నారు.

మా పనిలో ఇది కొత్తేమీ కాదు. ముందు అద్దాల్ని చెరిపి, బుగ్గ రంగుతో ఆ చోటు పూడుస్తాం. తర్వాత ఇంకో ఫోటోలోంచి కళ్ళు కోసి, తల వాలు ఎటుందో, వెలుగు ఎటుందో చూసి అతికిస్తాం. పెళ్ళి ఆల్బమ్‌లు చేసేటప్పుడు బాగున్న కళ్ళు దాచుకునేవాణ్ణి. వాటికొక ఫోల్డరే ఉండేది, ఆడ, మగ, వయసు వారీగా. ఏళ్ళ తరబడి ఒక్కరూ పట్టుకోలేదు. దాన్ని నేను నైపుణ్యం అనుకున్నాను.

మర్నాడు ఉదయం సత్తిబాబు గారు అక్కను వెంటబెట్టుకుని వచ్చారు. ఆవిడ పేరు నాగమణి. స్క్రీన్ మీద పటం చూపించాను. ఆయన "అచ్చం వాడేనండి," అని కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడ మాత్రం ఏడవలేదు. చాలాసేపు చూసి, "ఎవరియండి ఈ కళ్ళు?" అన్నారు.

వెలుగు తేడా వల్ల అలా కనిపిస్తాయమ్మా అన్నాను. నోటికి అలవాటైన అబద్ధం. ఆవిడ గొంతు పెంచలేదు.

"మావోడియి కాదండి. ఎవరియో చెప్పండి."

ఒప్పుకున్నాను. ఏదో పెళ్ళికొడుకువి, ఎవరో నాకూ గుర్తులేదన్నాను. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఆ బాబు బతికే ఉన్నాడా అండి?"

ఉండే ఉంటాడన్నాను.

"అయితే తీసెయ్యండి. పోయినోడి పటంలో బతికున్నోడి కళ్ళు పెట్టకూడదండి. దండేస్తాం, దీపం పెడతాం. ఆళ్ళమ్మకి తెలిస్తే ఏమైపోద్దండి?"

కుర్రాడివి తల్లి కళ్ళేనని అందరూ అనేవారని అప్పుడు సత్తిబాబు గారన్నారు. ఆవిడ వెంటనే, "నాయి పెట్టండి. నాయైతే పర్లేదండి," అన్నారు. మీరూ బతికే ఉన్నారు కదమ్మా అనాలి. అనలేదు.

కిటికీ పక్కన కుర్చీ వేసి, వెలుగు ఎడమ నుంచి పడేలా ఆవిణ్ణి కూర్చోబెట్టాను. కెమెరాలోంచి చూశాక అసలు చిక్కు తెలిసింది. ఫోటోలో కొడుకు నోరు నవ్వుతోంది. మనిషి నవ్వితే కింది రెప్ప పైకి లేస్తుంది, కంటి చివర ముడత పడుతుంది. ఏడ్చి ఏడ్చి వాచిన ఆ కళ్ళు ఆ నోటికి అతకవు. ఎరుపు కంప్యూటర్‌లో తీసెయ్యొచ్చు, వాపు తగ్గించొచ్చు. నవ్వు తెచ్చిపెట్టలేం.

విషయం చెప్పాను. కొడుకు పోయిన తొమ్మిదో రోజున ఒక తల్లిని నవ్వమని అడిగాను. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. సత్తిబాబు గారు బయటికి వెళ్ళిపోయారు. ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుని, స్క్రీన్ మీదున్న కొడుకును చూసి, నవ్వారు. మూడు ఫోటోలు తీశాను. రెండోది సరిపోయింది.

ఆ పెళ్ళికొడుకుల కళ్ళన్నీ అదే రోజు తుడిచేశానని రాస్తే బాగుంటుంది. తుడవలేదు. చెయ్యనంటే పని పక్క వీధికి పోతుంది, అక్కడివాళ్ళ దగ్గరా ఉండేవి అరువు కళ్ళే. మార్చుకున్న పద్ధతి ఒక్కటే. అప్పటినుంచి చూపు తగ్గి పని మానేసేవరకూ, ఒప్పుకునే ముందు పోయినవాళ్ళకి తల్లి ఉందా అని అడిగేవాణ్ణి. ఉంటే ఆవిణ్ణి తీసుకురమ్మనేవాణ్ణి. తల్లి లేనివాళ్ళకి ఎవరి కళ్ళైనా సరిపోయేవి.