పెంకులు లేని నలభై సీసాలు

సీసాలక్కకు డాక్టరేటు సీటు వచ్చిందని వీధంతా కోడై కూసింది. సముద్రం మీద పరిశోధన అట, నెలనెలా స్టైపెండు ఇచ్చి మరీ చదివిస్తారట, ఓడ కూడా ఎక్కిస్తారట. తొమ్మిదో తరగతితో బడి మానేసిన మనిషికి అదెలా వచ్చిందని ఎవరికీ అనుమానం రాలేదు. కింద వాటాలో ఉండే దర్జీ, ఆమె మెట్లు దిగుతుంటే పంట్లాం మోకాలి దాకా మడిచి చూపించాడు.

"డాక్టరమ్మా, ఇది పట్టేసి రెండు రోజులైంది. కాస్త చూసి పో."

"నేను చూసేది నీళ్లు అన్నయ్యా."

"ఇందులోనూ నీరే చేరిందట. చూడు మరి."

ఆమె నవ్వీ నవ్వనట్టు నవ్వి బస్సు కోసం నడిచింది.

సముద్ర పరిశోధన సంస్థలో తొమ్మిదేళ్లుగా ఆమె నమూనా సీసాలు కడుగుతోంది. ముందు పలుచని యాసిడ్‌తో, తర్వాత మూడుసార్లు శుద్ధమైన నీటితో. సముద్రపు నీరు పట్టి తెచ్చాక, అందులోని ప్లాంక్టన్, అంటే కంటికి ఆనని నీటి జీవులు, పాడవకుండా అయోడిన్ చుక్కలు వేసి మూత బిగించడమూ, మైక్రోస్కోపు కింద లెక్కపెట్టడమూ ఆమె పనే. ఆ లెక్క ల్యాబు నడిపే పెద్ద మేడం నేర్పింది. చుక్కలు వేయకముందు ఒక్క బొట్టు చూడటం మాత్రం ఎవరూ నేర్పలేదు. చుక్కలు పడితే అన్నీ టీ రంగులోకి తిరిగి కదలకుండా పోతాయి. బతికుండగా చూడాలని ఆమెకు సరదా, అంతే.

పోయిన నెల తెచ్చిన నలభై సీసాలతో వచ్చింది చిక్కంతా. బతికున్న బొట్టులో సున్నపు పెంకుల జీవులు కిటకిటలాడాయి. వారం తిరిగేసరికి అదే సీసాలో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ పెంకులు బరువుకు అడుక్కి దిగితేనే వాటితోపాటు కార్బన్ కూడా సముద్రం అడుగు చేరుతుందని మేడం ఎప్పుడూ చెబుతుంది. ఇప్పుడు ఆ మేడమే సీసా ఎత్తి పట్టుకుని, "ఏమైపోయాయమ్మా ఇవి?" అని అడిగింది. సీసాలక్క కడిగి బోర్లించిన సీసాల వైపు చూసింది. నేనే యాసిడ్ పోయేలా సరిగ్గా కడగలేదా? లేక అసలు లేనివి ఉన్నట్టు చూశానా?

ఆ తర్వాత నోటీసు బోర్డు మీద డాక్టరేటు ప్రకటన పడింది. ప్లాంక్టన్, సముద్రపు కార్బన్, ఒక్కటే సీటు. కింద గురువారం ఇంటర్వ్యూకు రావలసినవాళ్ల జాబితా. అయిదు పేర్ల తర్వాత మేడం చేతిరాతతో 'సీసాలక్క, పది గంటలు' అని ఉంది. వాళ్ల వీధిలోనే ఉండే అటెండరు చూశాడు. ఇంకేం కావాలి?

"ఉద్యోగంలోంచి తీసేయడానికేమో," అంది ఆమె మొగుడితో.

ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. చేతి గ్రీజు తుడుచుకుంటూ, "తీసేసేవాళ్లు టైమిచ్చి పిలుస్తారటే? మా దగ్గరైతే గేటు దగ్గరే చెప్పేస్తారు," అన్నాడు. ధైర్యం చెప్పాడో భయపెట్టాడో ఆమెకు అర్థం కాలేదు.

గురువారం ఇంటర్వ్యూ గదిలో పొడవాటి బల్ల, అటువైపు మేడం, మరో ఇద్దరు పెద్దవాళ్లు. ఆమె ఇటువైపు ఒంటరి కుర్చీ దగ్గర నిలబడింది.

"అక్కడ కాదమ్మా, ఇలా వచ్చి నా పక్కన కూర్చో. ఈ సీసాల సంగతి నీకంటే ఎవరికి తెలుసు?" అంది మేడం.

ఆమె కుర్చీ అంచున కూర్చుంది. ఒక్కొక్కళ్లే వచ్చారు. అందరికీ ఆ నలభైలోంచి ఒక సీసా ఇచ్చి, ఏముందో చెప్పమన్నారు. నలుగురు చూసి, ఈ నీళ్లలో పెంకు జీవులు లేవని గడగడా చెప్పి వెళ్లారు. ప్రతి మాటకూ సీసాలక్క తల ఇంకాస్త దించుకుంది. లేనివి ఉన్నట్టు చూశానన్నమాట.

అయిదో అమ్మాయి మైక్రోస్కోపు మీంచి తల ఎత్తి, "ఇందులో చుక్కలు ఎవరు వేశారండీ?" అంది.

సీసాలక్క చెయ్యి సగం లేచింది.

"వేయకముందు చూశారా అక్కా?"

"చూశాను. ఉన్నాయి. బోలెడు," అంది సీసాలక్క.

"అయితే అయోడిన్ సీసా ఒకసారి చూపిస్తారా?"

తెచ్చింది. పోయిన నెల పాత మందు అయిపోయాక స్టోర్సు వాళ్లు కొత్తది పంపారు. అమ్మాయి చీటీ మీది చిన్న అక్షరాలు చదివింది. యాసిడ్ కలిపిన రకం. సున్నపు పెంకులను కరిగించేస్తుంది.

మేడం నుదురు రుద్దుకుంది. "ఈ మందు కావాలని రాసిన ఇండెంటు మీద సంతకం నాదే. చదవకుండా పెట్టాను. తప్పు నీదేమో అనుకున్నానమ్మా."

సీసాలక్క మంచినీళ్లు తాగింది.

సీటు వచ్చింది ఆ అమ్మాయికి. వీధి ఇప్పటికీ సీసాలక్కకే వచ్చిందంటుంది. ఆమె మాత్రం ఎప్పటిలాగే సీసాలు కడుగుతోంది. సీటు ఎవరికివ్వాలో రాసిన కాగితం మీద నాలుగు సంతకాలున్నాయి. నాలుగోది ఆమెది.