దక్షిణ గుమ్మం ఉన్న రాతి ఇల్లు

ఆష్‌బర్న్‌లోని మా టౌన్‌హౌస్‌లో ఉమ్మడి గోడకు అవతల పక్కింటివాళ్ళు మిక్సీ వేస్తే మా గ్లాసులు కదిలేవి. అలాంటి రోజుల్లోనే, 2012 శరదృతువులో, ఆన్‌లైన్‌లో ఒక పాత రాతి ఇల్లు అమ్మకానికి కనబడింది. బ్లూ రిడ్జ్ కొండల అవతల, ఎప్పుడో స్కాట్లాండ్ నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న పల్లె అది. అక్కడి చర్చి, దాని చుట్టూ ఉన్న ఇళ్ళు అన్నీ రక్షిత కట్టడాలట. ఫోటో చూసిన దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. మా వారు శేఖర్ మాత్రం "అమ్మ ఊ అంటేనే" అన్నారు. మా దగ్గర ఆర్నెల్లు ఉండడానికి వచ్చిన అత్తయ్యకు వాస్తు అంటే ప్రాణం.

శనివారం పొద్దున ఎనిమిదింటికి బయల్దేరాం. రూట్ సెవెన్ మీద పడమరగా లీస్‌బర్గ్, పర్సెల్‌విల్ దాటి, కొండెక్కి దిగితే గంటా పావు ప్రయాణం. టోల్ లేదు. కారుకి గ్యాస్ పర్సెల్‌విల్‌లోనే కొట్టించుకోవడం మంచిది. అక్కడి డైనర్‌లో వంటావిడ పాన్‌కేక్‌లో గుడ్డుంటుందని చెప్పగానే అత్తయ్య టోస్ట్‌తో సరిపెట్టుకున్నారు. మేం ఎక్కడికెళ్తున్నామో విని ఆ వంటావిడ "అక్కడ రాళ్ళు తప్ప ఏమున్నాయి?" అంది.

చర్చి వాకిట్లో ఒక డబ్బాలో ఊరి మ్యాపులు పెట్టి ఉంటాయి. అయిదు డాలర్లు విరాళం వేసి ఒకటి తీసుకున్నాం. ఊరంతా నడవడానికి గంట చాలు. మూరెడు మందం గోడలు, చిన్న చిన్న గళ్ళ కిటికీలు. తలుపు రంగు మార్చాలన్నా కౌంటీ కమిటీ అనుమతి కావాలని మ్యాపు వెనక రాసుంది. నాకు వింతగా తోచింది మెట్లు. ప్రతి ఇంటి ముందు మెట్ల మీదా నాచు పట్టి ఉంది. మనుషులున్న ఇళ్ళకు నాచు పట్టడమేమిటో అర్థం కాలేదు.

మేం చూడాల్సిన ఇంటి ముందు అత్తయ్య హ్యాండ్‌బ్యాగ్‌లోంచి దిక్సూచి తీశారు.

"దక్షిణం. యముడి దిక్కు. వద్దమ్మా."

"తూర్పుకి మార్పించేద్దాం అత్తయ్యా" అన్నాను.

"మ్యాపు చదివావుగా? గొళ్ళెం కూడా మార్చనివ్వరు" అన్నారు శేఖర్. ఇల్లు చేజారిపోయినట్టే అనిపించి నాకు ఏడుపొచ్చింది.

వచ్చాం కదా అని తలుపు తట్టాం. ఎవరూ తీయలేదు. "వెనక్కి రండి" అని ఇంటి పక్కనుంచి కేక వినిపించింది. ఎనభై ఏళ్ళ మార్గరెట్, ఇంటి యజమానురాలు, వంటింటి తలుపు దగ్గర నిలబడి ఉంది. అత్తయ్య మళ్ళీ దిక్సూచి చూశారు. అది తూర్పు.

టీ తాగుతూ, ముందు తలుపు వాడరా అని అడిగాను.

"మా పెద్దల కాలం నుంచీ అందరం ఇటే తిరుగుతాం. అది పెళ్ళికూతురు వెళ్ళేటప్పుడు తీస్తాం, శవపేటిక వెళ్ళేటప్పుడు తీస్తాం. మా ఆయన పోయినప్పుడు తీసిందే ఆఖరు."

తెలుగులో చెప్పాను. అత్తయ్య ముందు తలుపు వైపు తిరిగి చూశారు. "దక్షిణమేగా. సరిగ్గానే పెట్టుకున్నారు."

"నేనూ అటునుంచే వెళ్దామనుకున్నాను" అంది మార్గరెట్, టీ కప్పు వైపు చూస్తూ. "కూతురు ఒహాయో వచ్చెయ్యమంటోంది. ఒంటరిగా ఉండలేకపోతున్నాను."

అది కూడా చెప్పాను. అత్తయ్య దిక్సూచి బ్యాగ్‌లో పడేసి మార్గరెట్ చెయ్యి పట్టుకున్నారు.

"ఆ గుమ్మం ఆవిడదేనని చెప్పు. ఎప్పుడైనా సరే, ఆవిణ్ణి ఇక్కడికి తెచ్చి అటునుంచే తీసుకెళ్ళమను. మనం ఈ వంటింట్లోంచి తిరుగుదాం."

ఇంగ్లీషులో ఆ మాట నాకంటే ముందే శేఖర్ చెప్పారు. మార్గరెట్ లేచి అత్తయ్యకు ఇంకో కప్పు టీ పోసింది.

ఇల్లు కొన్నాక కమిటీ ఇచ్చిన కాగితాల్లో ఆ తలుపు కొలతలు, చెక్క, రంగు అన్నీ ఉన్నాయి. దాన్ని ఎవరి కోసం తీయాలో లేదు. అది మార్గరెట్ చెబితే తెలిసింది, మాటిచ్చింది అత్తయ్య. మామిడాకులు దొరక్క వంటింటి గుమ్మానికి ప్లాస్టిక్ తోరణం కట్టి ఇంట్లోకి వచ్చాం. ఇలాంటి ఊళ్ళు చూడ్డానికి వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: ముందు తలుపు తట్టి నిలబడిపోకండి, పక్కనుంచి వెనక్కి నడవండి. మా ఇంటికి వచ్చినా అంతే. ముందు గుమ్మం మార్గరెట్ గారిది. వంటింటి తలుపు తీసే ఉంటుంది.