సలీం భాయ్ కూతురి మాటలు నేనే తీసేశాను

నిన్న పొద్దున ప్యాకింగ్ లైన్ ఆపి మరీ సూపర్‌వైజర్ చెప్పాడు. సలీం భాయ్ లేడట. హార్ట్ ఎటాక్.

శుక్రవారమే నా పక్కన నిలబడి బిస్కెట్ డబ్బాలకు టేపు వేశాడు.

నమ్మలేదు. ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

మన ఈ-గ్రూపులో చాలామందికి ఆయన Y2K పని మీద మెల్‌బోర్న్ వచ్చిన నెల్లూరు ప్రోగ్రామర్‌గానే తెలుసు. 2000 జనవరి ఒకటిన ఏ కంప్యూటరూ ఆగలేదు. ఆయన కాంట్రాక్టు మాత్రం పోయింది. అప్పటినుంచి ఆరేళ్ళుగా నాతో ఫ్యాక్టరీలో. టీ బ్రేకుల్లో కథలు రాసేవాడు.

నిన్న సాయంత్రం మన తెలుగు సంఘం కమిటీ మెయిల్ చూశారుగా? "స్వచ్ఛమైన తెలుగు కథకుణ్ణి కోల్పోయాం. సంతాప సభలో ఆయన కథ మళ్ళీ పంచుతాం."

సిగ్గుండాలి.

అది ఆయన రాసిన కథ కాదు.

ఆయన కథలో తండ్రి తెలుగులో అడుగుతాడు. ఇక్కడే, మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో పెరిగిన కూతురు ఇంగ్లిష్‌లో జవాబిస్తుంది. చివరిదాకా అంతే. ఆమె మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాశాడు.

సంఘం ఉగాది సంచికకు టైప్ చేసింది నేను. కమిటీ అంకుల్ జెరాక్స్ కాపీలో ఆ లైన్లన్నీ ఎర్ర పెన్నుతో కొట్టేసి, పైన తెలుగు రాసిచ్చాడు. "Dad, stop it" కాస్తా "నాన్నగారూ, ఇక చాలించండి" అయింది.

"కథ పాడవుతుందేమో అంకుల్," అన్నాను.

"టెన్త్ చదివినదానివి, నాకు లిటరేచర్ చెప్తావా? జస్ట్ టైప్ చెయ్యమ్మా."

చేశాను. సలీం భాయ్‌ని ఒక్క మాట అడగలేదు.

సంచిక చూసి ఆయన అరవలేదు. "మా పాప నన్ను నాన్నగారూ అనిందా ఎప్పుడన్నా? దానికి తెలుగు రాదనే గదా అమ్మాయ్, నేను కథ రాసింది!" అన్నాడు. మళ్ళీ ఎవరికీ కథ ఇవ్వలేదు.

ఇవాళ జనాజా అయ్యాక, నా దగ్గరున్న ఆయన చేతిరాత కాగితాలు వాళ్ళింటికి తీసుకెళ్ళి ఆయన కూతురికిచ్చాను. పన్నెండేళ్ళుంటాయి. తెలుగు చదవడం రాదు. తన లైన్ల మీదే వేలు పెట్టుకుంటూ వెళ్ళింది.

"He wrote me down?" అంది.

తండ్రి కథలో ఆ పిల్ల చదవగలిగినవి అవే. వాటినే నేను తీసేశాను.

కమిటీవాళ్ళూ, ఆ ప్రింటు పంచితే పంచుకోండి. స్టేజీ ఎక్కి అసలు కథ నేను చదువుతాను. కూతురి లైన్లు తనే చదువుతానంది. దమ్ముంటే ఆపండి.

భాయ్, నన్ను క్షమించకపోయినా ఫర్లేదు. మీ మాట ఎవరూ దిద్దని చోట హాయిగా నిద్రపోండి.