సకీనా కొన్న తెల్లగుడ్డ

భువనగిరిలో బొంతలు కుట్టే సకీనా, బిడ్డ ఇంకా కడుపులో ఉండగానే శవానికి చుట్టే కఫన్ గుడ్డ కొని దాచిందన్న మాట తొంభై ఏడులో వాడంతా తిరిగింది. ఇప్పటికీ అనేవాళ్లున్నారు. గుడ్డ కొన్నమాట నిజమే, మిగిలినది నిజం కాదు.

ఆ మాటను అందరికంటే గట్టిగా నమ్మింది పక్కింటి నర్సింగమ్మ. ఎందుకు నమ్మదు? సకీనా కోడలిగా వచ్చిన నాటి నుంచి చూస్తున్నది. ఆ ఇంట్లో రంగురంగుల పాతగుడ్డల మూటలు దూలాన్ని తాకుతుంటాయి. వాడలో ఎవరికి కాన్పయినా పొత్తిగుడ్డలు అక్కడి నుంచే పోతాయి. అట్లాంటి మనిషి ఏడో నెలలో పట్నం పోయి, స్కానింగు తీయించుకొని వచ్చిన మర్నాడే దుకాణంలో ఐదు గజాల తెల్లగుడ్డ చింపించుకున్నది. ఎందుకని అడిగితే మాట మార్చింది.

"ఆడపిల్లని తెలిసినట్టుంది," అన్నది అదే వాడలోని ఉప్పలమ్మ, నల్లా దగ్గర బిందె దించుతూ. "లేకుంటే మొఖం గట్లెందుకు మాడ్చుకుంటది?"

"ముగ్గురు మొగపోరగాండ్లున్నదానికి ఆడపిల్లంటే ఏం బాధనే? ఆడపిల్ల పుడితే ఏడ్చిన నీ కోడలనుకున్నవా?" అన్నది నర్సింగమ్మ. అన్నదే గాని, ఆమెకూ అనుమానం తీరలేదు.

ఆడపిల్లే పుట్టింది. నర్సింగమ్మ గోడ మీదుగా చూడటం మొదలుపెట్టింది. బిడ్డ కింద వేసేవన్నీ తెల్లగుడ్డలే. తెల్లారగానే సకీనా వాటిని ఉతకకుండా ఎండలోకి పట్టుకపోయి, వంగి వంగి చూస్తుంది. చాకలికి వేయదు, అత్తను ముట్టనివ్వదు. ఉప్పలమ్మైతే చేతబడి అని కూడా అనేసింది.

ఇరవయ్యో రోజు నర్సింగమ్మ ఇక ఆగలేక వాళ్ల వాకిట్లోకే వచ్చింది.

"సకీనా, పెద్దదాన్ని అడుగుతున్న, దాయకు. గా గుడ్డల ఏం జూస్తున్నవే? కఫన్ గుడ్డ అంటున్నరు జనం."

సకీనా చేతిలోని గుడ్డ కింద పెట్టలేదు.

"స్కానింగుల బిడ్డ కార్జం కింద పసరు పారే గొట్టం ఉబ్బి కనవడ్డదక్కా. జర పెద్దగైనంక ఆపరేషన్ చేస్తమన్నరు. అప్పటిదాంక దొడ్డికి సున్నం లెక్క పాలిపోయినా, ఉచ్చ చిక్కటి పసుపుగ వచ్చినా, గా పూటనే దవాఖానకు తెమ్మన్నరు. రంగుగుడ్డ మీద గదెట్ల తెలుస్తది? మీకు జెప్తె బిడ్డను జూడంగనే ఏడుస్తరని చెప్పలె. కుట్టి కుట్టి నా కండ్లు సక్కగ కనవడ్తలేవు. నువ్వు జూడక్కా, నిన్నటికంటె గిది పాలిపోయిందా?"