ప్రార్థన అంశాల్లో నా పేరు

ఈ రోజు బందరులో మా చర్చిలో పాస్టరుగారు నాకు ఉద్యోగం రావాలని సంఘం మొత్తం చేత ప్రార్థన చేయించారు. నేను ఆరేళ్లుగా ఇంట్లోంచే సొంతంగా సాఫ్ట్‌వేర్ తయారుచేసి ఇస్తున్నాను. ఆయన ఆ ప్రార్థన అంశాలు చూసి చదివిన యాప్ కూడా నేను చేసిందే. ఇదివరకు అందరూ చీటీలు రాసిచ్చేవారు, ఇప్పుడు ఫోన్లోంచి పంపుతున్నారు.

“మన తమ్ముడికి దేవుడు మంచి ఉద్యోగం దయచేయాలని...” అనగానే ముందు వరసలో ఆంటీలు వెనక్కి తిరిగి నావైపు జాలిగా చూశారు. సరిగ్గా అప్పుడే జేబులో ఫోన్ వణికింది. నా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడే గుడివాడ రైస్ మిల్లు వాళ్లు. బిల్లు మీద అక్షరాలు ఇంకాస్త పెద్దవి చేయమని పొద్దుట్నుంచి అది మూడో ఫోను.

యాప్‌లో చూస్తే ఆ మనవి పంపింది మా అమ్మే. బయటికొచ్చాక అడిగాను.

“ఏంటమ్మా, నాకు పని లేదని రాశావా?”

“పని లేదని ఎవరన్నార్రా? ఆదివారం కూడా ఉంటుందిగా నీకు. అందుకే ఉద్యోగం ఇమ్మన్నాను.”



ఆ యాప్‌లో ఏ మనవినైనా తీసేసే వీలు నాకుంది. ఇంటికొచ్చి, తీసేద్దామనే తెరిచాను. దాని కిందున్న ‘నేనూ ప్రార్థిస్తాను’ బటన్‌ని అప్పటికే పద్నాలుగు మంది నొక్కారు. సొంతంగా పని చేసుకునే మిత్రులారా, మీరైతే ఏం చేసేవారో చెప్పండి.

నేను పదిహేనోవాణ్ని అయ్యాను.